చిప్పెవా అడవిలో 56వ నంబరు ఎలుగు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మిసిసిపీ ఇంకా మహానది కాని ఉత్తరాన, చిప్పెవా జాతీయ అరణ్యం ఉంది. పైన్, ఆస్పెన్ చెట్లు, ఊబి నేలలు, ఎటు నడిచినా ఎదురయ్యే సరస్సులు. ఒజిబ్వే ప్రజల లీచ్ లేక్ రిజర్వేషన్ కూడా చాలావరకు ఈ అడవిలోనే ఉంది. వాళ్ల వంశాల్లో ఒకటి ఎలుగు పేరు మీద నడుస్తుంది.

1981 జులైలో ఇక్కడ రాష్ట్ర సహజ వనరుల శాఖ పరిశోధకులు ఓ ఆడ నల్ల ఎలుగును పట్టి, మెడకు రేడియో పట్టీ కట్టి వదిలారు. దానికి అప్పుడు ఏడేళ్లు. వెంట మూడు పిల్లలు. పేరేమీ పెట్టలేదు, 56 అని నంబరు ఇచ్చారంతే. 2013లో చనిపోయేనాటికి దాని వయసు ముప్పై తొమ్మిదిన్నరేళ్లు. అడవిలో పుట్టి అడవిలోనే బతికిన ఏ ఎలుగూ అంతకాలం జీవించినట్టు అప్పటికి నమోదు కాలేదు. తన కాలంలో పట్టీ కట్టిన వందలాది ఎలుగుల్లో దాని తర్వాత ఎక్కువకాలం బతికినదానికి దక్కింది ఇరవై మూడున్నరేళ్లే.

ఈ వయసు లెక్క అంచనా కాదు. కోరపన్ను వెనక ఉండే చిన్న పన్నొకటి తీసి, పలుచని పొరలుగా కోసి, మైక్రోస్కోపు కింద పెడితే పంటి వేరు మీద ఏడాదికొకటి చొప్పున ఏర్పడిన వలయాలు కనిపిస్తాయి. పిల్లల్ని పెంచిన ఏళ్లలో ఆ వలయాలు సన్నబడతాయి కూడా. తల్లి పడ్డ కష్టం పంటి మీద రాసి ఉంటుందన్నమాట.

ఆ కష్టమంతా శీతాకాలంలోనే. అక్టోబరు దాటేసరికి పడిపోయిన చెట్టు వేళ్ల కిందో, కొమ్మల కుప్పలోనో ఎలుగు ముడుచుకుంటుంది. దాదాపు ఆరు నెలలు తిండి లేదు, నీళ్లు లేవు, మలమూత్రాలు లేవు. గుండె కొట్టుకోవడం బాగా నెమ్మదిస్తుంది. అయినా ఒంటి వేడి ముప్పై డిగ్రీల కిందికి పోదు. మూత్రంగా పోవాల్సిన యూరియాను శరీరమే తిరిగి మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. అందుకే నెలల తరబడి కదలకపోయినా కండరాలు కరిగిపోవు, ఎముకలు గుల్లబారవు. మంచం పట్టిన మనిషికి ఇది ఎలా సాధ్యం కాదో తెలిసిన వైద్యులకు ఈ జంతువు మీద అంత ఆసక్తి అందుకే.

ఈ ఉపవాసంలోనే, జనవరిలో, కాన్పు. జూన్ ప్రాంతంలో కలిసినా పిండం నవంబరు దాకా గర్భసంచిలో కుదురుకోదు. వేసవి చివర్లో తల్లికి కొవ్వు చాలినంత పట్టకపోతే కుదురుకోనే కుదురుకోదు. పుట్టిన పిల్ల అరకిలో కూడా తూగదు, కళ్లు తెరవదు. మార్చిలో పరిశోధకులు మంచులో బోర్లా పడుకుని గూటి ద్వారం దగ్గర చెవి పెడితే, పాలు తాగే పిల్లలు మోటారులా గుర్రుమనడం వినిపిస్తుంది. తల్లికి మత్తిచ్చి, పట్టీ సరిచేసేంతసేపూ పిల్లల్ని తమ కోట్లలో దాచుకుని వెచ్చగా ఉంచుతారు.

కాన్పు కొవ్వు మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ ఎలుగు భవిష్యత్తును నిర్ణయించేది బ్లూబెర్రీ, హేజెల్, ఓక్ కాయల కాపు. కాపు బాగుంటే అది అడవి లోపలే ఉంటుంది. కాపు పోయిన ఏడాది చెత్తడబ్బాల కోసం ఇళ్ల దగ్గరికీ, వేటగాళ్లు పెట్టే ఎరల దగ్గరికీ వస్తుంది. 1995 అలాంటి ఏడాదే. ఆ ఒక్క సీజన్లో మిన్నెసోటాలో దాదాపు 5,000 ఎలుగులు తూటాలకు బలయ్యాయి. ఆడ ఎలుగు తొలి కాన్పుకే నాలుగైదేళ్లు పడుతుంది, ఆపైన రెండేళ్లకో కాన్పు. అలాంటి నష్టం పూడడానికి చాలా ఏళ్లు కావాలి. తర్వాత సంఖ్య తగ్గుతోందని గమనించి లైసెన్సులు బాగా కుదించారు. అది సరైన నిర్ణయమే.

ఒకప్పుడు కుదించడానికి లైసెన్సే లేదు. 1971 దాకా ఈ రాష్ట్రంలో ఎలుగును ఎవరైనా, ఎప్పుడైనా చంపొచ్చు. చంపినందుకు ప్రభుత్వమే డబ్బిచ్చిన కాలమూ ఉంది. 1971లో దాన్ని వేటజంతువుల జాబితాలో చేర్చి, వేట కాలాన్నీ పరిమితినీ పెట్టాకే అది కోలుకుంది. నేడు ఖండమంతటా నల్ల ఎలుగులు ఎనిమిది లక్షలకు పైనే ఉంటాయని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పు లేని జాతుల్లో చేర్చింది. ఉద్దానం జీడితోటల్లోకి దిగుతున్న మన ఎలుగు వేరే జాతి. చెదపురుగులు తింటుంది, చలికాలమంతా నిద్రపోదు. అదే సంఘం జాబితాలో అది ముప్పున్న జాతి.

56వ నంబరు కనీసం ఎనిమిదిసార్లు ఈని, 1995 వరకు పుట్టిన ఇరవై రెండు పిల్లల్లో ఇరవై ఒకటిని ఏడాదిన్నర దాకా సాకింది. చివరి ఏళ్లలో పళ్లరిగాయి, చూపూ వినికిడీ మందగించాయి. తూటా వల్ల కాదు, ముసలితనంతోనే పోయింది. పట్టీ ఉన్న ఎలుగుల్ని వదిలేయమని వేటగాళ్లను శాఖ కోరుతుంది. చాలామంది మాట వింటారు, కొందరు వినరు. కాల్చకూడదని చట్టం మాత్రం చెప్పదు. ముప్పై ఏళ్ల పరిశోధన ఒక్క తూటాతో ఆగిపోయే వీలున్నప్పుడు, ఆ మాట చట్టంలోనే ఉండాలి.