వేసవి కంచెలలో జెముడు : నామనిర్ణయమునకు ఛాయాచిత్రము

ప్రాచీన కావ్యములలోని మొక్కల పేర్లకు మన నిఘంటువులు పెక్కుచోట్ల ‘వృక్షవిశేషము’ అని మాత్రమే అర్థము వ్రాసి విరమించినవి. పదము నిలిచినది, అది చెప్పు మొక్క యేదో తెలియకున్నది. ఈ కొఱత తీర్చుటకు గ్రంథములతోపాటు చేలగట్ల కంచెలును ఆధారములే. వేసవిలో గడ్డి యెండి, తీగలు వాడి, కంచెమొక్కల కాండములును ముండ్లును తేటగా కనబడును. అట్టి సమయమున ఛాయాచిత్రములు తీసి పేరును మొక్కను జతపఱచు విధమును ‘జెముడు’ అను నొక్క పదము నాధారముగా గొని యిచట వివరింతుము.

జెముడు అను పేరు మన కంచెలలో ముఖ్యముగా నాలుగు మొక్కలకు చెల్లుచున్నది. బొమ్మజెముడు కాండము పలకలుగా నుండును. పలకల అంచులవెంట ముండ్లు జంటలుగా మొలచును. ఆకుజెముడు కొమ్మలు గుండ్రనివి, ముండ్లు జంటలే. కాడజెముడునకు ముండ్లు లేవు. సన్నని పచ్చని కాడలే దాని రూపము. నాగజెముడు కాండము పాముపడగవంటి బల్లపరుపు ఖండముల కూర్పు. ముండ్లు గుంపులుగా నుండును. వేసవిలో పెద్ద పసుపుపచ్చని పూలు పూయును.

మొదటి మూడింటిని గిల్లినచో పాలు కారును. నాగజెముడున పాలు లేవు. మూడును యుఫోర్బియా ప్రజాతికి చెందినవి కాగా, నాగజెముడు ఒపన్షియా ప్రజాతిది. అమెరికా ఖండమున పుట్టినది. 1492లో కొలంబసు అచటికి చేరిన పిదపనే అది యితర ఖండములకు వ్యాపించినది. కావున అంతకు పూర్వపు కృతిలో జెముడు కనబడినచో, దానికి నాగజెముడని వ్యాఖ్య వ్రాయరాదు. సంస్కృతమున స్నుహికి గల ‘సమంతదుగ్ధ’ యను పర్యాయమును పాలుగల మొక్కకే పొసగును.

ఇట్టి నిర్ణయమునకు పూవుబొమ్మ యొక్కటి చాలదు. మొక్క మొత్తము, ముండ్ల అమరిక, పూవు, కాయ వేర్వేఱు చిత్రములుగా తీయవలెను. ప్రక్కన కొలబద్ద నుంచవలెను. సెల్‌ఫోను కెమెరాయే చాలును. నడిమధ్యాహ్నపు టెండలో పసుపురంగు వెలిసినట్లు కనబడును గనుక, పూవుపై గొడుగునీడ పట్టి తీయుట మేలు. తేది, ఊరు, ఆ యూరివారు చెప్పిన పేరు వారి యుచ్చారణ ననుసరించి వెంటనే వ్రాసికొనవలెను. జెముడుపాలు కంటికి హానికరము. తాకిన చేతిని కడుగక కన్ను తుడువరాదు. ఆకుజెముడు వేసవిలో ఆకులు రాల్చును; దాని పేరునకు హేతువు తెలియుటకు వానకాలమున మఱల చిత్రము తీయవలెను.

పేరును బొమ్మను జతపఱచుట మనకు క్రొత్త కాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గు కోరమాండలు తీరపు మొక్కలను దేశీయ చిత్రకారులచే వ్రాయించెను. ఆ 300 చిత్రములు 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా వెలువడినవి. తెలుగుపేర్లను సయిత మతడు సేకరించెను.

నేడీ పని కాలహరణమునకు తాళదు. నాగజెముడును అణచుటకై 1926లో సింహళమునుండి దక్షిణభారతమునకు ఒక జాతి కోకినీల పురుగును తెచ్చిరి; దానివలన ఆ కంచెలు పెక్కు నశించినవి. మిగిలిన కంచెల తావున రాతిస్తంభములును ముళ్ళతీగయు వచ్చుచున్నవి. కంచె పోయినచోట మొక్కను జూపి పేరు చెప్పగల ముదుసలియు త్వరలో నుండడు. పరిశోధక విద్యార్థులు తమ తమ యూళ్ళ కంచెలను ఈ వేసవిలోనే యొకమాఱు పరిశీలింతురు గాక.