ధన్యత - దైనందిన జీవితం

మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో, క్రీస్తు కొండమీద చేసిన ప్రసంగానికి ధన్యవచనాలే ముఖద్వారం. తెలుగు బైబిలులో వీటికి ఆయువుపట్టు 'ధన్యులు' అన్న మాట. ఇది 'ధన' శబ్దం నుండి పుట్టినది. సిరిగలవాడు, భాగ్యశాలి అని దాని అర్థం. అట్టి మాటను దీనులకు, దుఃఖించేవారికి, నీతికోసం ఆకలిగొన్నవారికి అన్వయించడంలోనే ఆ బోధలోని తిరుగుబాటు ఉన్నది.

మన పురాణాలలో, వ్రతకథలలో ఫలశ్రుతి చివర వస్తుంది. ఇక్కడ మొదటనే వచ్చినది. ఇట్లు నడుచుకొనుడని ఈ వచనాలు ఆజ్ఞాపించవు. ఇట్టివారు ధన్యులని ప్రకటిస్తవి. కనుక సద్గుణం ధన్యతకు చెల్లించే మూల్యం కాదు. ధన్యత నడతలో కనిపించే తీరు.

ఈ గుణాల పేర్లు వాడుకలో కొంత పలుచబడినవి. నేడు 'సాత్వికుడు' అంటే నోరులేనివాడని లోకం భావిస్తుంది. కాని సత్త్వమంటే బలం. మన 'సత్తువ' దాని తద్భవమే. బలముండి దానిని అణచుకొన్నవాడే సాత్వికుడు. 'సమాధానం' నేడు ప్రశ్నకు జవాబు. బైబిలు భాషలో అది శాంతి, విడిపోయినవారిని కలిపి నిలపడం.

ఇవి ప్రార్థనామందిరానికే పరిమితమైతే బోధ నిష్ఫలం. కార్యాలయంలో, ఇంటి గుమ్మంలో అవి ఏ రూపం దాలుస్తవో ఢిల్లీలోని సెంట్ స్టీఫెన్స్ కళాశాల చరిత్ర చూపుతుంది. 1881లో కేంబ్రిడ్జి మిషన్ స్థాపించిన ఈ కళాశాలకు 1904లో సి. ఎఫ్. ఆండ్రూస్ ఇంగ్లండు నుండి అధ్యాపకులుగా వచ్చినారు. 1906లో ప్రిన్సిపాల్ పదవి ప్రసక్తి వచ్చినప్పుడు, 1886 నుండి అక్కడ పనిచేస్తున్న సుశీల్ కుమార్ రుద్రకే అది దక్కవలెనని ఆండ్రూస్ పట్టుబట్టినారు. రుద్ర ఆ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయినారు. ఆండ్రూస్ ఆయన కింద అధ్యాపకులుగా కొనసాగినారు. పాలకజాతివాడు పాలితుని కింద పనిచేయడం ఆ రోజులలో సామాన్యం కాదు. అందివచ్చే పీఠాన్ని అర్హునికి విడువగలగడమే సాత్వికత.

రెండవ నిదర్శనం రుద్రగారి ఇల్లు. 1915లో స్వదేశానికి తిరిగివచ్చిన గాంధీజీ ఢిల్లీకి వచ్చినప్పుడల్లా అక్కడనే బస చేసేవారు. 1919లో రౌలట్ చట్టంపై సత్యాగ్రహం ప్రారంభించిన పిమ్మట, తన సాంగత్యం ఆంగ్ల మిషన్ కళాశాలకు ముప్పు తేవచ్చునని శంకించి, వేరొకచోట ఉంటానన్నారు. రుద్ర అంగీకరించలేదు. ఖిలాఫత్ విషయమై వైస్రాయికి వ్రాసిన బహిరంగలేఖ ఆ ఇంటి కప్పుకిందనే రూపొందినదని, 1925లో రుద్ర మరణించినప్పుడు గాంధీజీ వ్రాసినారు. ఇక్కడ ఉపన్యాసం లేదు, ఆవేశం లేదు. అతిథికి తలుపు మూయకపోవడం మాత్రమే ఉన్నది. కాని ఆ తెరచిన తలుపువల్ల పదవికి, పేరుకు ప్రమాదం ఉన్నది. నీతికోసం ఆకలిగొనడమంటే నిత్యజీవితంలో ఇదే.

ఆండ్రూస్‌ను ప్రజలు 'దీనబంధు' అని పిలుచుకొన్నారు. మొదటి ధన్యవచనంలోని 'దీన' శబ్దమే ఆ బిరుదులోనూ ఉండడం గమనింపదగినది.

గొప్ప దర్శనమో సన్మానమో కలిగినప్పుడు మనం 'జన్మ ధన్యమైనది' అంటాము. అది పొందినదానివల్ల కలిగే ధన్యత. ధన్యవచనాలలోని ధన్యత ఒకరికి విడిచినదానిలో, ఒకరికోసం భరించినదానిలో ఉన్నది. ఈ మాటను రచనలో వాడేవారు ఈ భేదాన్ని మరువరాదు.