పురుగు చంపిందా? పిడుగు చంపిందా?

2022 సెప్టెంబరులో పత్తి రైతుల ఫోన్లలో ఒక వార్త విస్తృతంగా తిరిగింది. ఆకుపై ఒళ్ళంతా ముళ్ళున్న పచ్చని పురుగు. దానితోపాటు చేలో పడివున్న రెండు మృతదేహాల చిత్రం. ఇది తాకితే నిమిషాల్లో ప్రాణం పోతుందని హెచ్చరిక. మహారాష్ట్ర, కర్ణాటకలతోపాటు మన తెలంగాణకూ ఆ భయం పాకింది. చొప్పదండి పరిసరాల్లో పత్తి చేలకు కూలికి వెళ్ళే తల్లులకు ఒక్కరోజు పని మానుకోవడమంటే ఆ పూట గింజలు మానుకోవడమే. దారిన పోయే వార్త ఎవరి కంచంలో చేయి పెడుతుందో పంపినవారు ఆలోచించరు.

నిజానికి ఆ మృతులు మహారాష్ట్రలోని చాలీస్‌గావ్ ప్రాంతంలో పిడుగుపాటుకు బలైనవారు. పురుగుకూ వారి మరణానికీ సంబంధం లేదు. అది లిమాకోడిడే కుటుంబానికి చెందిన ఒక రెక్కల పురుగు పిల్లదశ. మన గొంగళిపురుగుకు బంధువు. దాని ముళ్ళు గుచ్చుకుంటే మంట, దద్దుర్లు, వాపు కలుగుతాయి. ప్రాణాంతకమన్న మాటను వ్యవసాయ శాస్త్రజ్ఞులు తోసిపుచ్చారు.

ఈ జాడ్యం మన పల్లెలకే పరిమితం కాదు. 2019 డిసెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆసియాకు చెందిన పెద్ద కందిరీగ కనిపించింది. 2020 మే నెలలో పత్రికలు దానికి ‘హంతక కందిరీగ’ అని పేరు పెట్టాయి. అది ప్రధానంగా తేనెటీగల పట్టులకు శత్రువు. కానీ బెదిరిన జనం, దానికి ఏమాత్రం పోలికలేని అమాయక తేనెటీగలను కూడా చంపసాగారు. అక్కడి కీటక శాస్త్రజ్ఞుల సంఘం 2022లో దానికి భయం పుట్టించని మరో పేరు పెట్టవలసి వచ్చింది. గూళ్ళు వెదికి తొలగించి, 2024 డిసెంబరులో అక్కడ ఆ కీటకం లేదని అధికారులు ప్రకటించారు. ఆ ముగింపు వార్త మొదటి వార్తంత దూరం వెళ్ళిందా అంటే, మాకు సందేహమే.

వార్త తెచ్చినవాని మాటను పరిశీలించకుండా నమ్మితే, తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరా హుజురాత్ 6వ ఆయత్ మనల్ని హెచ్చరిస్తోంది. ఇక్కడి హాని ఏమిటి? పురుగుకు జడిసిన రైతు మరింత మందు కొడతాడు. మన ఆదిలాబాదుకు ఆనుకునివున్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి పురుగుమందు పిచికారీ చేస్తూ విషప్రభావానికి గురై 20 మంది వరకు మరణించారు. ఆ మరణాలు పురుగువల్ల కాదు, మందువల్ల. పిడుగు సంగతి సరేసరి: పురుగును నిందించిన ఆ సందేశం, ఉరుము వినగానే చెట్టుకింద నిలబడకుండా పక్కా ఇంటికి చేరమని ఎవరికీ చెప్పలేదు.

ముళ్ళు గుచ్చుకున్నవారు ఆ చోటును గోకకూడదు. అతుకు టేపును అంటించి లాగితే ముళ్ళు చాలావరకు ఊడివస్తాయి. తరువాత సబ్బుతో కడిగి, చల్లని తడిగుడ్డ వేయాలి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. చేలోకి దిగే అమ్మీజాన్‌కు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు కొనిపెట్టడం మాత్రం ఇంటివారు ఈ వారమే చేయగల పని.