తలక్రిందులుగా దిగే పిట్ట

వరికోతలు కాగానే మేలైన కంకులు ఏరి, కుచ్చుగా అల్లి, వసారా చూరుకు వ్రేలాడదీయడం మన ఇళ్ళలో పెద్దలనాటి ఆచారం. ఆ కుచ్చు ఇంటికి అలంకారం, పిచ్చుకకు ఆహారం. మనం పిచ్చుక అన్నా, ఇరుగుపొరుగు ఒడియావారు ఘరచటియా అన్నా, ఆ పిట్టకు తెలిసినది ఒక్కటే: ఈ గుమ్మంలో తనకు కూడ కొంత వాటా వున్నదని.

ఇప్పుడా ఆచారమే దేశాంతరాలనుండి క్రొత్త వేషంలో మనకు తిరిగి వస్తున్నది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు అక్కడి పెరళ్ళలో గింజల పెట్టెలు వ్రేలాడదీసి, వాటిమీద వాలే పిట్టల ఫోటోలు ఇంటికి పంపుతూ వుంటారు. ఆ ఫోటోలలో ఒక పిట్ట వెంటనే కంటబడుతుంది. తల క్రిందికి, తోక పైకి పెట్టి, చెట్టు మానును పట్టుకొని తిన్నగా నేలవైపు దిగుతూ వుంటుంది. దాని పేరు నట్‌హాచ్. "ఇటువంటి పెట్టె మన పెరట్లో కడితే ఆ పిట్ట వస్తుందా?" అని అడిగేవారు మన పాత్రపూర్‌లోనూ వున్నారు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

పిట్ట చేసే పని

అమెరికా పెట్టెలకు తరచుగా వచ్చేది ఈ కుటుంబంలో తెల్లరొమ్ము జాతి. పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగ పప్పు, పశువుల కొవ్వు ముద్ద దానికి ఇష్టం. గింజను ముక్కున కరచుకొని పోయి, బెరడు సందులో ఇరికించి, ఉలితో కొట్టినట్లు కొట్టి పగులగొడుతుంది. ఈ పని చూచియే ఇంగ్లీషువారు దానికి ఆ పేరు పెట్టారు. కడుపు నిండినా ఊరుకోదు. మిగిలిన గింజలను ఒక్కొక్క సందులో ఒక్కొక్కటిగా దాచి, పైన బెరడుముక్క కప్పుతుంది. మంచు కురిసే దేశంలో పురుగు దొరకని రోజులకు అది దాని గాదె.

వడ్రంగిపిట్ట కూడ మాను పట్టుకొని ప్రాకుతుంది గదా, భేదమేమిటని అడగవచ్చును. వడ్రంగిపిట్ట బిరుసైన తోకను మానుకు ఊతగా ఆన్చి పైకి ఎక్కుతుంది. దీని తోక పొట్టిది, ఊతకు పనికిరాదు. ఒక కాలు పైన, ఒక కాలు క్రింద పెట్టి, పై కాలితో వ్రేలాడుతూ క్రింది కాలితో ఆనుకొంటుంది. అందుచేత పైకి, క్రిందికి, కొమ్మ అడుగుభాగాన, ఎటు కావలిస్తే అటు నడుస్తుంది.

మనకూ వున్నాయి

ఈ కుటుంబం పక్షులు అమెరికాకే పరిమితం కావు. మన తూర్పు కనుమలలో రెండు రకాలు వున్నాయి. ఒకటి నల్లని మఖమలు నుదురు, ఎర్రని ముక్కు, పచ్చని కన్ను గల నీలిపిట్ట. ఇది పచ్చని అడవులను వదలి ఊళ్ళలోకి అంతగా రాదు. మహేంద్రగిరి వంటి కొండల అడవులు దానికి తగిన చోటు. రెండవది పైన బూడిదనీలం, క్రింద ముదురు ఇటుకరంగు, చెంపన తెలుపు, కంటిమీదుగా నల్లని గీత గల పిట్ట. పరిమాణంలో పిచ్చుక కంటె చిన్నది. మనకు ఆశపెట్టేది ఇదే. ఎందుకంటే తొర్రలున్న ముసలి మామిడితోటలన్నా, దారిప్రక్క పెద్ద చెట్లన్నా దీనికి ప్రీతి. మన తోటను ఒడియావారు కూడ తోటా అనే అంటారు. ఈ పిట్టకు రెండు భాషల తోటలూ ఒకటే.

దీని గూడు చూడదగినది. చెట్టు తొర్రను ఎన్నుకొని, బురద ముద్దలు తెచ్చి ద్వారం చుట్టూ మెత్తి, తన ఒళ్ళు పట్టేంత రంధ్రం మాత్రమే మిగుల్చుకొంటుంది. గోరింక వంటి పెద్ద పిట్ట ఇక లోపల దూరలేదు. ఇంత నేర్పుగల తాపీపనివాడు మన పెరటిలో కాపురం పెడతానంటే కాదనేవారెవరు?

పెట్టె ఒక్కటే చాలదు

అసలు చిక్కు ఇక్కడ వున్నది. మన వాతావరణంలో ఏడాది పొడుగునా బెరడు సందుల్లో పురుగులు, సాలీళ్ళు దొరుకుతాయి. మన పిట్టకు ముఖ్యాహారం అవే. గింజలూ తింటుంది గాని, గింజలకోసం కొత్త పెట్టెను వెదుక్కుంటూ రావలసిన అవసరం దానికి లేదు. దానికి ముసలిచెట్టు గరుకుబెరడే గింజల పెట్టె, ఎండుకొమ్మ తొర్రే పురిటి గది. పెట్టెను బజారులో కొనవచ్చును. అరవై ఏళ్ళ మామిడిని ఏ బజారులో కొంటాము?

ఆ చెట్లే మనకు కరవవుతున్నాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు గంజాం జిల్లాలో ఎన్ని చెట్లు కూలాయో చూచినవారికి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వద్ద తీరం దాటి, మనవైపు కూడ దెబ్బతీసింది. గాలికి మిగిలిన చెట్లను రంపానికి అప్పగించకుండ వుండడం మన చేతిలోని పని.

మా పెరటి మామిడికి ఒక ఎండుకొమ్మ వున్నది. దానిమీద మా ఇంట్లో పెద్ద వ్యాజ్యమే నడిచింది.

"ఒరే, అది పెంకులమీద పడితే పూచీ ఎవరిదిరా?" అన్నది మా పెద్దమ్మ.

"చివర కొట్టించేద్దాం పెద్దమ్మా. మాను దగ్గర రెండు మూరలు వుండనీ, అక్కడ తొర్ర వుంది."

"రెండు మూరలే. మూడో మూర కనబడితే నేనే మనిషిని పిలిపిస్తాను."

ఆ తొర్రలో మొదటి సంవత్సరం గోరింకలు కాపురం పెట్టాయి. నీలిపిట్టను నేను చూచినది కొండదిగువ పాత తోటలో. మా చెట్టుకు అది రాకపోయినా తొర్ర వృథా కాలేదు.

మనం చేయగలిగినది

గింజలు వేయడం మానవద్దు. కంకుల కుచ్చుకు తోడు నూకలు, చోళ్ళు పిల్లి అందుకోలేని ఎత్తున పెట్టండి. ఉప్పు వేసి వండినవి వద్దు. మట్టి మూకుడులో రెండంగుళాలు మించకుండ నీరు పోసి, దోమలు పెరగకుండ ప్రతిదినం మార్చండి. ముసలి మామిడి, చింత, ఇప్ప చెట్లుంటే నరకవద్దు. ఎండుకొమ్మ ఇంటికి ప్రమాదమైతే ప్రమాదమున్నంత మేరకే కొట్టించండి. పూతకు మందు కొట్టేటప్పుడు అవసరానికి మించి కొట్టవద్దు. పురుగు చచ్చిన చెట్టు పిట్టకు ఖాళీ కంచం.

ఫలితం వుంటుందా అని సందేహించేవారు ఋషికుల్యా నది ముఖాన వున్న పురుణాబంధ గ్రామం సంగతి వినాలి. సముద్రపు తాబేళ్ళ రక్షణకు పేరుపడిన ఆ గ్రామస్థులు ఇళ్ళకు మట్టికుండల గూళ్ళు కట్టి పిచ్చుకలకు చోటిచ్చారు. పిచ్చుకలు వచ్చి చేరాయి. పిట్టకు కావలసినదేమో తెలిసికొని ఇస్తే అది వస్తుంది.

ఎలా చూడాలి

చలికాలపు ఉదయాలు మంచివి. ఆకులు పలచబడినప్పుడు మాను స్పష్టంగా కనబడుతుంది. చిన్న పిట్టలు పలు జాతులవి కలసి గుంపుగా చెట్టునుండి చెట్టుకు పోతూ వుంటే, ఆ గుంపులో ఇది కూడ వుండే అవకాశం వున్నది. కొమ్మల చివరలు కాదు, మాను, లావు కొమ్మలు చూడండి. దగ్గరకు పరుగెత్తక, ఒకచోట కూర్చుంటే అదే దిగివస్తుంది. గూటి రోజులు సుమారు ఫిబ్రవరినుండి మే వరకు. అప్పుడు తొర్ర దగ్గరకు పోవద్దు, పిల్లలను నిచ్చెన వేయనివ్వవద్దు.

ఆఫీసులో రిజిస్టరు వ్రాసే అలవాటుచేత నేనొక నోటుపుస్తకం పెట్టుకొన్నాను. తేదీ, వేళ, చెట్టు పేరు, పిట్ట చేస్తున్న పని అని నాలుగు గళ్ళు చాలును. ఇంట్లో పిల్లలచేత వ్రాయించండి. తెలుగు చేవ్రాలు బాగుపడుతుంది, చెట్టుకూ ఒక సాక్షి ఏర్పడతాడు. రేపు ఎవరైనా గొడ్డలి తెచ్చినప్పుడు, ఈ చెట్టుమీద ఎవరెవరు బ్రతుకుతున్నారో ఆ పుస్తకం తెరచి చూపించవచ్చును.