వరద వెంట వచ్చు ఎఱ్ఱకాళ్ల కొంగలు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో పెన్నయు చిత్రావతియు ఏడాదిలో పెక్కునెలలు ఇసుక మేటలే. వరద వచ్చిన యేడు చెఱువులు నిండి చేపలు పెరుగును. నీరు తీసినకొలది అవి మడుగులలో చిక్కును. ఎఱ్ఱకాళ్ల కొంగ సగము తెఱచిన ముక్కును నీట ముంచి నడచుచు, తగిలిన చేపను తటాలున పట్టును. కావున చెఱువు నిండిన యేడే దాని పిల్లలకు కడుపునిండ మేత.

చిలమత్తూరు మండలమునందలి వీరాపురములో నీ పక్షులు ఊరినడుమ చింతచెట్లపై గూళ్లు కట్టును. గ్రామస్థులు వానిని కాపాడుచు వచ్చినారు. కొందఱు వీనిని సైబీరియా పక్షులందురు. అది సరి కాదు, ఇవి మన దేశపు పక్షులే.

ఛాయాచిత్రములు తీయగోరువారికి మా మనవి. గూళ్ల క్రిందికి పోరాదు. తల్లి బెదరి లేచినచో పిల్లలు ఎండకు మాడును, గ్రుడ్లు కాకులపాలగును. దూరమున నిలిచి తీసి, చిత్రముతోపాటు తేదీని, చెఱువు నీటిమట్టమును వ్రాసియుంచుడు. ఏటేటి మార్పు దానివలన తెలియును. పాఱు వరదలో దిగకుడు. 2021 నవంబరులో చిత్రావతి వరదలో చిక్కినవారిని హెలికాప్టరుతో తీయవలసి వచ్చెను.

చింతచెట్టు ఒక రైతుది, చెఱువు ఊరందఱిది. ఒక్కరు చెట్టు నఱకినను, చెఱువులో పురుగుమందు డబ్బాలు కడిగినను కొంగలకు చేటు. కనుక నీ కాపుదల సంఘసభ్యులెల్లరును కలిసి చేయవలసిన పని.