ఆ ఒక్క ఈడీ ఎక్కడికి?

"పిన్నీ, అమ్మకి నువ్వే చెప్పాలి. నేను చెప్తే వినట్లేదు."

సెప్టెంబరులో ఓ పొద్దున్నే ఏడింటికి ఫోను. టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మా అక్క కూతురు. వాళ్లకప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. పిల్ల ట్వెల్త్ గ్రేడ్‌లో ఉంది, బిజినెస్ చదవాలంటోంది. ఇంట్లో గొడవంతా 'ఈడీ' గురించి. ఈడీ అంటే మనకి సోదాలు, సమన్లు గుర్తొస్తాయి గానీ, అక్కడ పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో అది 'అర్లీ డెసిషన్'.

మన దగ్గర ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఈడీ అలా కాదు. ఒక్క కాలేజీకే వేయాలి. ఎక్కువ చోట్ల గడువు నవంబరు 1. డిసెంబరు మధ్యలో ఫలితం చెప్పేస్తారు. సీటొస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆ ఒప్పందం మీద పిల్ల, స్కూల్ కౌన్సెలర్‌తో పాటు అమ్మా నాన్నల్లో ఒకరు కూడా సంతకం పెట్టాలి. చాలామంది ఈ సంతకం దగ్గర పెద్దగా ఆలోచించరు. ఆలోచించాల్సింది అక్కడే.

ఇంత బిగింపు ఉన్నా ఎందుకు వేస్తారంటే, తప్పకుండా చేరే పిల్లలంటే కాలేజీలకి ఇష్టం. వార్టన్ ఉన్న పెన్సిల్వేనియా యూనివర్సిటీ తన సీట్లలో దాదాపు సగం ఈడీలోనే నింపేస్తుంది. అలాగని 'ఈడీలో వేస్తే సీటు గ్యారంటీ' అంటూ పుట్టినరోజు పార్టీల్లో చెప్పుకునే లెక్కలు నమ్మకండి. ఆ ముందు గుంపులో ఆటల కోటా పిల్లలు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారు. వాళ్లని తీసేస్తే మన పిల్లకి మిగిలే లాభం పైకి కనిపించేదానికన్నా తక్కువే.

మా బావగారి మొదటి ఓటు హార్వర్డ్‌కి. "బిజినెస్ అంటే హార్వర్డే కదా!" అన్నారు. నిజానికి పన్నెండో తరగతి కాగానే చేరే బిజినెస్ డిగ్రీ హార్వర్డ్‌లో లేదు. స్టాన్‌ఫర్డ్‌లోనూ లేదు. వాళ్ల బిజినెస్ స్కూళ్లు ఎంబీఏ లాంటి పై చదువులకి. డిగ్రీ పిల్లలు ఎకనామిక్స్ లాంటివి తీసుకుంటారు. ఈ సంగతి తెలియక ఆ ఒక్క అవకాశాన్నీ అక్కడ ఖర్చు చేసేవాళ్లుంటారు.

అక్క ఓటు వార్టన్‌కి. 1881లో మొదలైంది, అమెరికాలో యూనివర్సిటీ స్థాయి బిజినెస్ స్కూళ్లలో మొట్టమొదటిది. పేరు గురించి చెప్పేదేముంది! పిల్ల మనసు మాత్రం న్యూయార్క్ యూనివర్సిటీ వారి స్టర్న్ మీద ఉంది. మన్‌హట్టన్ నడిబొడ్డున కాలేజీ, చుట్టూ బ్యాంకులు, కంపెనీలు. కార్నెల్‌లో డైసన్ కూడా మంచిదే గానీ, అది ఉన్న ఇథకా అనే చిన్న ఊరికి న్యూయార్క్ నుంచి నాలుగు గంటలకు పైనే ప్రయాణం. డైసన్‌కి వ్యవసాయ కాలేజీతో సంబంధం ఉందని తెలిసి మా అక్క "అగ్రికల్చరా!" అని కంగారు పడింది. ఆ సంబంధం వల్లే న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లకి అక్కడ ఫీజు తక్కువ. టెక్సాస్ వాళ్లకి ఆ లాభం లేదనుకోండి.

అన్నిచోట్లా ఈడీ ఉండదు. బర్కిలీలోని హాస్‌కి ముందస్తు పద్ధతే లేదు, అందరికీ నవంబరు నెలాఖరే గడువు. పైగా 2024 నుంచి అక్కడ మొదటి ఏడాదిలోనే నేరుగా బిజినెస్‌లో చేరొచ్చు. జార్జిటౌన్‌లో ఉన్నది 'అర్లీ యాక్షన్'. సీటొచ్చినా చేరి తీరాలని లేదు. కానీ అక్కడ వేస్తే ఇంకోచోట ఈడీ వేయకూడదు. ఈ మెలిక చూసుకోకపోతే చిక్కే.

ఇక డబ్బు. వార్టన్‌లో గానీ స్టర్న్‌లో గానీ ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపితే ఏడాదికి 90 వేల డాలర్లకు పైమాటే. డాలరు 85 రూపాయలు వేసుకున్నా నాలుగేళ్లకు మూడు కోట్లు దాటుతుంది. ఆర్థిక సాయం సరిపోకపోతే ఈడీ సీటు వదులుకోవచ్చు, నిజమే. కానీ నాలుగు కాలేజీలు ఎంతెంత ఇస్తామంటున్నాయో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. కాలేజీల వెబ్‌సైట్లలో 'నెట్ ప్రైస్ కాలిక్యులేటర్' ఉంటుంది. సంతకానికి ముందే అందులో ఆదాయం కొట్టి చూడాలి.

మావాళ్లకి ఇంకో తలనొప్పి వీసా. బావగారిది హెచ్‌-1బీ, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్నారు. పిల్ల ఐదేళ్లప్పుడు వెళ్లింది, ఇప్పటికీ హెచ్‌-4. అక్కడే పెరిగినా ప్రభుత్వ సాయం రాదు. పెన్ లాంటి చోట అమెరికా, కెనడా, మెక్సికో పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ డబ్బు అవసరం చూడకుండా సీటిస్తారు. మిగతావాళ్లు సాయం అడిగితే దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. హెచ్‌-4 మీద జీతంతో ఇంటర్న్‌షిప్ చేయకూడదు. బిజినెస్ చదువులో ఉద్యోగానికి దారి ఇంటర్న్‌షిప్పే కదా! 21 ఏళ్లు నిండితే ఆ వీసా కూడా ఉండదు, ఎఫ్‌-1కి మారాల్సిందే. మారితే ఫీజు సంగతి ఏమవుతుందో ప్రతి కాలేజీనీ ముందే అడగాలి.

ఇదంతా చెప్తే అక్క, "నీకేం తెలుసే అక్కడి సంగతులు! పక్కింటి వాళ్లబ్బాయి వార్టన్‌లో చేరాడు" అంది. నేను పిల్లని ఒకటే అడిగాను. "బంగారం, డిసెంబరులో వార్టన్ నుంచి మెయిల్ వచ్చింది, సీటొచ్చింది. ఎలా ఉంటుంది నీకు?"

కాసేపు మాట్లాడలేదు. "అమ్మకి చాలా బావుంటుంది పిన్నీ" అంది.

ఆ రాత్రి బావగారు మొదటిసారి కూతురి ముందు లెక్కల పుస్తకం తీశారట. ఇంటి లోను, ఇండియాలో నానమ్మ వైద్యం, చదువు కోసం దాచింది. అప్పు చేయకుండా ఏడాదికి పెట్టగలిగింది 40 వేల డాలర్లు. పదిహేడేళ్ల పిల్లకి ఇంటి ఆదాయం ఎంతో అప్పటిదాకా తెలియదు. మన ఇళ్లలో ఎవరు చెప్తారు!

నవంబరు 1కి ఈడీ ఎక్కడా వేయలేదు. అక్టోబరు 15లోగా ఆస్టిన్‌లో మెకోంబ్స్‌కి, ఆ తర్వాత మిషిగన్‌లో రాస్‌కి అర్లీ యాక్షన్‌లో పెట్టింది. టెక్సాస్‌లో నివాస నిబంధనలు తీరితే హెచ్‌-4 పిల్లలకీ ఇన్‌-స్టేట్ ఫీజే. ఆస్టిన్‌లో మొత్తం ఖర్చు వార్టన్‌లో అయ్యేదానికి సుమారు మూడో వంతు. స్కూల్లో ముందు వరుస ర్యాంకుల్లో ఉంటే ఆస్టిన్ యూనివర్సిటీలో సీటు ఖాయమే గానీ, మెకోంబ్స్‌లో ఖాయం కాదు. అందుకని వ్యాసాలు నాలుగైదుసార్లు తిరగరాసింది.

స్టర్న్‌కి రెండో విడత ఈడీ కూడా ఉంది, గడువు జనవరి 1. పిల్ల ఆ మాట కదిపితే బావగారు "అప్పటికి చూద్దాంలే" అన్నారట.

"చూద్దాం అంటే ఏంటో నాకు తెలుసులే పిన్నీ" అంటూ నవ్వింది ఫోనులో.