లైనక్స్ డెస్క్‌టాప్‌కు మ్యూజిక్ ప్లేయర్ ఎంపిక

లైనక్స్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్న విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "పాటలు వినడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే. కాని మీ దగ్గర ఎన్ని పాటలున్నాయి, అవి ఎలాంటివి, మీరు వాటిని ఎలా వెతుక్కుంటారు అన్నదాన్నిబట్టి జవాబు మారుతుంది. అందువల్ల ముందు మీ పాటల ఫోల్డర్‌ను ఒకసారి తెరిచి చూడండి. ఆ తరువాతే ఈ పాఠం చదవండి.

ప్లేయర్లు స్థూలంగా రెండు రకాలు. మీరు ఇచ్చిన ఫైలును వినిపించి ఊరుకునేవి మొదటి రకం. వీఎల్‌సీ, ఆడేషియస్ ఇలాంటివి. రెండో రకం ప్లేయర్లు మీ ఫోల్డర్లన్నిటినీ చదివి, గ్రంథాలయంలో పుస్తకాల పట్టిక వంటిది తయారు చేసుకుంటాయి. రిథమ్‌బాక్స్, క్లెమెంటైన్, స్ట్రాబెరీ ఈ కోవలోనివి. యాభై, అరవై పాటలున్నవారికి పట్టికతో పనిలేదు. వేల పాటలున్నవారికి అది లేకుండా గడవదు.

ఎంపీ3 ఫైలు ఆడుతుందా లేదా అన్న భయం ఒకప్పుడు ఉండేది. పేటెంట్ల కారణంగా కొన్ని లైనక్స్ పంపిణీలు ఎంపీ3 డీకోడర్‌ను వెంట ఇచ్చేవి కావు. 2017లో ఆ పేటెంట్ల లైసెన్సు కార్యక్రమం ముగిసింది. ఇప్పుడు ఆ చిక్కు దాదాపుగా లేదు.

అసలు చిక్కు ట్యాగులతో వస్తుంది. పాట పేరు, గాయకులు, ఆల్బమ్ వంటి వివరాలను ఫైలులోపలే రాసి ఉంచే భాగాన్ని ట్యాగ్ అంటారు. లైబ్రరీ ప్లేయర్ చూసేది ఫైలు పేరును కాదు, ఈ ట్యాగునే. 'శంకరాభరణం' చిత్రాన్నే ఉదాహరణగా తీసుకోండి. సంగీతం కె.వి.మహదేవన్‌ది. పాడినవారు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, ఎస్.జానకి, వాణీ జయరాం తదితరులు. ఆర్టిస్టు పేరునుబట్టి అమర్చే ప్లేయర్‌లో ఈ ఒక్క సినిమా మూడు నాలుగు చోట్ల ముక్కలై కనిపిస్తుంది. ఇంగ్లిషు పాప్ ఆల్బమ్‌లో గాయకుడు ఒక్కడే కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది అంతగా రాదు. మన సినిమా పాటలకు మాత్రం తప్పదు. 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అనే ట్యాగులో అన్ని పాటలకూ ఒకే పేరు, అంటే సంగీత దర్శకుని పేరు, రాస్తే సినిమా మళ్లీ ఒకచోట చేరుతుంది. క్లెమెంటైన్, స్ట్రాబెరీలలో పట్టికను ఏ వరుసలో అమర్చాలో మీరే నిర్ణయించవచ్చు; సంగీతకర్తనుబట్టి కూడా విభజించవచ్చు. సినిమా పాటలు ఎక్కువగా ఉన్నవారికి ఈ ఒక్క సౌకర్యమే నిర్ణాయకం అని నా అభిప్రాయం.

తెలుగు లిపిలో ట్యాగులు రాసేవారు ఇంకొక విషయం గమనించాలి. ఐడీ3 ట్యాగు మొదటి రూపంలో పాట పేరుకు 30 బైట్లే చోటుంది. లిపి సంకేతం ఏదో చెప్పే ఏర్పాటు అసలు లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 'శంకరాభరణం' అన్న మాటలో దీర్ఘం, సున్నాలతో కలిపి 9 సంకేతాలు, అంటే 27 బైట్లు. మరొక మాట చేర్చడానికి చోటు చాలదు. పాత ఫైళ్లలో తెలుగు పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలో, అర్థంకాని గుర్తులో కనిపించడానికి ఇలాంటివే కారణాలు. రెండో రూపం యూనికోడ్‌ను అంగీకరిస్తుంది. కిడ్3, ఈజీట్యాగ్ వంటి ట్యాగ్ సవరణ సాఫ్ట్‌వేర్లతో మార్చుకోవచ్చు. ప్లేయర్‌ను నిందించేముందు ఈ పని చేసి చూడండి.

కర్ణాటక సంగీత కచేరీలు వినేవారికి మరొక పరీక్ష ఉంది. రాగం, తానం, పల్లవి మూడు ఫైళ్లుగా ఉంటే, ఒకదాని తరువాత మరొకటి విరామం లేకుండా రావాలి. వీఎల్‌సీ 3 శ్రేణిలో మధ్యలో చిన్న ఖాళీ వినిపిస్తుంది. ఆడేషియస్‌లో ఈ ఇబ్బంది లేదు. పాత కంప్యూటర్లకు కూడా అది తేలిక. అయితే ధ్వని పాఠాలను నెమ్మదిగానో వేగంగానో వినడానికి మాత్రం వీఎల్‌సీ ప్లేబ్యాక్ మెనూలోని స్పీడ్ సదుపాయం చాలా ఉపయోగం.

ఇక ఎంచుకున్న ప్లేయర్ అభివృద్ధి రేపు ఆగిపోతే? ఇది ఊహ కాదు. అమరాక్ 2వ రూపం చాలామందికి నచ్చలేదు. దాని 1.4 కోడ్ నుంచి 2010లో క్లెమెంటైన్ వచ్చింది. క్లెమెంటైన్ నుంచి 2018లో స్ట్రాబెరీ వచ్చింది. కోడ్‌ను తీసుకొని కొనసాగించే హక్కును జీపీఎల్ లైసెన్సు ఇస్తుంది. అయితే ఆ లైసెన్సు మీరు పాటలకిచ్చిన నక్షత్రాలను కాపాడదు! ట్యాగులు ఫైలుతోపాటే వస్తాయి. నక్షత్రాలు, ప్లేలిస్టులు మాత్రం సాధారణంగా ప్లేయర్ సొంత డేటాబేస్‌లో ఉంటాయి. రిథమ్‌బాక్స్ వాటిని హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లలో దాచుతుంది. హార్డ్ డిస్క్ మార్చేటప్పుడు పాటల ఫోల్డర్‌ను మాత్రమే కాపీ చేసుకొని, ఏళ్లతరబడి కూర్చుకున్న జాబితాలు పోగొట్టుకున్నవారున్నారు. ప్లేలిస్టులను ఎం3యూ ఫైళ్లుగా ఎగుమతి చేసి, పాటల ఫోల్డర్‌లోనే ఉంచండి.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక సినిమా పాటలన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, రిథమ్‌బాక్స్‌లోనూ స్ట్రాబెరీలోనూ తెరవండి. ఒక్కొక్కదానిలో ఆ సినిమా ఎన్ని ముక్కలుగా కనిపిస్తోంది? ఏ ట్యాగును సరిచేస్తే అవి ఒకచోట చేరాయి? రెండు మూడు వాక్యాల్లో రాయండి.